సిమెంటు ఊడిన పన్ను జివ్వుమనలేదు, ఊడని పన్ను జివ్వుమంది: డెంటిన్ బాండింగ్‌పై ఒక కేస్ స్టడీ

పేషెంటుకు యాభై దాటాయి. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. సీజన్లో కూర్చుని అన్నం తినే తీరిక కూడా ఉండదు కాబట్టి, యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేదాకా ఆగి అప్పుడు వచ్చారు. సమస్య ఆయన మాటల్లోనే ఇది:

"డాక్టరు గారూ, పైన ఎడమవైపు రెండు పళ్ళకి సిమెంటు పెట్టించుకున్నా. ఒకటి ఊడింది. మళ్ళీ పెట్టించా, మళ్ళీ ఊడింది. దాంతో నాకేం బాధ లేదు. పక్క పన్నుకి సిమెంటు గట్టిగానే ఉంది, కానీ చల్లనీళ్ళు తగిలితే ప్రాణం పోతందండీ. ఇదేందో నాకర్థం కావట్లా."

ఈ కేసు రాయడానికి కారణం ఆ చివరి మాటే. సిమెంటు ఊడితే జివ్వుమనాలి, ఉంటే జివ్వుమనకూడదు అని ఎవరైనా అనుకుంటారు. ఇక్కడ రెండూ తారుమారయ్యాయి. రెండు చోట్లా కారణం డెంటిన్‌లోనే, అంటే పైనున్న గట్టి ఎనామిల్ పొర కింద ఉండే పన్ను భాగంలోనే ఉంది, కాకపోతే ఆ రెండు పళ్ళలో ఉన్నది ఒకే రకం డెంటిన్ కాదు. ఫిల్లింగ్‌ను పన్నుకు అంటించే బాండింగ్ ఏజెంట్ కొనేటప్పుడు మనం డాక్టర్లం సీసా గురించి ఎంత ఆలోచిస్తామో, దాన్ని ఏ ఉపరితలం మీద రాస్తున్నామో అనే దాని గురించి అంత ఆలోచించం.

పరీక్షలో కనబడినవి

పైదవడ ఎడమవైపు మొదటి, రెండో ప్రీమోలార్లు (కోరపన్ను వెనకుండే చిన్న దవడపళ్ళు), డెంటిస్టుల అంకెల్లో 24, 25. రెండింటికీ బుగ్గవైపు చిగురు అంచున వి ఆకారపు గంట్లు. పుచ్చు కాదు, అరుగుదల. 24లో గంటు ఖాళీగా ఉంది. అడుగు భాగం పసుపు, గోధుమ కలిసిన రంగులో నున్నగా మెరుస్తోంది, ప్రోబ్ (సన్నటి మొనున్న పరీక్ష పరికరం) పెడితే జారిపోతోంది. గాలి కొట్టినా ఆయనలో చలనం లేదు. 25లో కాంపోజిట్ (పన్ను రంగులో ఉండే రెసిన్ ఫిల్లింగ్) అలాగే ఉంది, రంగు కూడా బాగానే కలిసింది. కానీ చిగురువైపు అంచులో సన్నటి గోధుమ గీత ఉంది, అక్కడ ప్రోబ్ మొన చిక్కుకుంటోంది. గాలీ నీళ్ళూ వదిలే త్రీవే సిరంజితో గాలి అలా వదిలానో లేదో, కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచారు.

ఆయన చెప్పనిది ఇంకొకటి దొరికింది. కిందదవడలో 36కి, అంటే ఎడమవైపు మొదటి పెద్ద దవడపన్నుకి, నమిలే వైపు లోతైన పుచ్చు. ఎక్స్‌రేలో అది పల్ప్ (పన్ను లోపల నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగం) దాకా చేరలేదు. మూడు పళ్ళకూ చల్లదనం తగిలించి చూస్తే పల్ప్ బతికే ఉంది, తీసేసిన వెంటనే పోటు తగ్గిపోతోంది. "రూట్ కెనాల్ చెయ్యాలా అండీ?" అన్నారు భయంగా. అక్కర్లేదన్నాక కాస్త స్థిమితపడ్డారు.

అలవాట్లు అడిగితే మొత్తం కథ బయటపడింది. గట్టి కుచ్చు బ్రష్, దాని మీద గరుకు పళ్ళపొడి, అడ్డంగా రుద్దుడు. కుడిచేతివాటం కాబట్టి ఎడమవైపు ఇంకా గట్టిగా పడుతుంది. బరువు తగ్గాలని కొన్నేళ్ళుగా పరగడుపునే నిమ్మరసం తాగుతున్నారు, అది తాగిన వెంటనే పళ్ళు తోముకుంటున్నారు. నిమ్మరసం పీహెచ్ 2కి అటూ ఇటూగా ఉంటుంది (ఈ అంకె ఎంత తక్కువైతే పులుపు అంత ఎక్కువ). ఎనామిల్ దాదాపు 5.5 దగ్గర కరగడం మొదలుపెడితే, డెంటిన్‌కు అంత పులుపు కూడా అక్కర్లేదు, 6 పైనే మొదలవుతుంది. మెత్తబడిన ఉపరితలం మీద గరుకుపొడి పెట్టి రుద్దితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

24 మీద దవడ పక్కకు జరిపినప్పుడు బరువు కొంచెం ఎక్కువ పడుతోంది. కొరికే ఒత్తిడికి పన్ను మెడ దగ్గర వంగి ముక్కలు రాలతాయనే వాదనకు 1991లో గ్రిప్పో అబ్‌ఫ్రాక్షన్ అని పేరు పెట్టారు. అది ఒక్కటే కారణమని నేను నమ్మను. ఈయన విషయంలో బ్రష్షూ నిమ్మరసమే అసలు దోషులు, కొరుకుడు తోడయింది.

డెంటిన్‌కు ఎందుకు అంత సులువుగా అంటదు

ఎనామిల్ సంగతి 1955లోనే తేలిపోయింది. ఫాస్ఫారిక్ యాసిడ్ రాసి కడిగిన ఎనామిల్‌ను యాక్రిలిక్ రెసిన్ (గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థం) గట్టిగా పట్టుకుంటుందని మైఖేల్ బ్యూనోకోర్ చూపించారు. ఎనామిల్ బరువులో 96 శాతం దాకా ఖనిజమే. యాసిడ్ దాన్ని గరుకు చేస్తుంది, రెసిన్ ఆ గరుకులోకి దిగి గట్టిపడుతుంది. ఇప్పటికీ ఏ ఫిల్లింగ్‌కైనా చుట్టూ ఎనామిల్ అంచు ఉంటే మనకు సగం దిగులు తగ్గినట్టే.

డెంటిన్ బరువులో 70 శాతం ఖనిజం, 20 శాతం సేంద్రియ పదార్థం, మిగతాది నీరు. సేంద్రియ భాగంలో ఎక్కువ టైప్ 1 కొల్లాజెన్ అనే పీచులాంటి ప్రోటీన్. ఘనపరిమాణంలో లెక్కేస్తే ఖనిజం సగానికి మించదు. దీనికి తోడు నిండా సన్నటి నాళాలు. ఎనామిల్ దగ్గర చదరపు మిల్లీమీటరుకు 20 వేల వరకు, పల్ప్ దగ్గరికి వచ్చేసరికి 45 వేల వరకు ఉంటాయి. వెడల్పు కూడా లోపలికి పోయేకొద్దీ పెరిగి 2.5 మైక్రాన్లకు చేరుతుంది. బతికున్న పన్నులో పల్ప్ ఒత్తిడికి ఆ నాళాల్లోని ద్రవం మెల్లగా బయటికి ఊరుతూనే ఉంటుంది. నీటికి పడని రెసిన్‌ను, నీళ్ళు ఊరుతున్న గోడకు అంటించమంటున్నాం మనం. గంటు ఎంత లోతైతే పని అంత కష్టం.

బర్ (పన్నును కోసే తిరుగుడు మొన) పెట్టగానే ఇంకో చిక్కు వస్తుంది. కోసిన పొడి, కొల్లాజెన్ తునకలు కలిసి ఉపరితలం మీద ఒక పూతలా పరుచుకుంటాయి. మందం అరమైక్రాన్ నుంచి రెండు మైక్రాన్లు. ఇదే స్మియర్ లేయర్. తొలిరోజుల బాండింగ్ ఏజెంట్లు దీన్నే పట్టుకునేవి. పూత లేస్తే ఫిల్లింగ్ కూడా దానితోపాటే లేచేది.

డెంటిన్‌కు కూడా యాసిడ్ పెట్టాలని జపాన్‌లో ఫుసాయామా 1979లో చెప్పినప్పుడు, పల్ప్ చచ్చిపోతుందని పాశ్చాత్య దేశాల డాక్టర్లు చాలాకాలం ఒప్పుకోలేదు. 1982లో నకబయాషి బృందం అసలు లోపల ఏం జరుగుతుందో చూపించింది. యాసిడ్ పై కొన్ని మైక్రాన్ల ఖనిజాన్ని కరిగించేస్తుంది. మిగిలిన కొల్లాజెన్ వలలోకి రెసిన్ దిగి అక్కడే గట్టిపడితే, సగం పన్నూ సగం రెసినూ అయిన ఒక పొర ఏర్పడుతుంది. దాన్నే హైబ్రిడ్ లేయర్ అంటున్నాం. డెంటిన్ బాండింగ్‌లో బలమంతా దాదాపు ఇక్కడే ఉంది. నాళాల్లోకి దిగిన రెసిన్ కొమ్ములు మైక్రోస్కోప్ ఫోటోల్లో అందంగా కనబడతాయి గానీ, పట్టులో వాటి వాటా చాలామంది అనుకునేదానికన్నా తక్కువ.

వలలోకి రెసిన్ దిగాలంటే వల తెరుచుకుని ఉండాలి. ఖనిజం పోయాక దాన్ని నిలబెట్టేది నీరే. చెరువులో మునిగినప్పుడు విడివిడిగా తేలే జుట్టు, తల పైకెత్తగానే ముద్దకట్టి నెత్తికి అంటుకుపోతుంది చూడండి, గాలి కొట్టి ఆరబెట్టిన కొల్లాజెన్ కూడా అంతే. ఇక రెసిన్‌కు దారి లేదు. అందుకే 1990ల మొదట్లో జాన్ కాంకా తడి బాండింగ్ చెప్పారు: కడిగాక డెంటిన్‌ను పూర్తిగా ఆరనివ్వకూడదు. సరే, తడిగా వదిలేస్తే? నీరు ఎక్కువైతే రెసిన్ పలచబడి సరిగా గట్టిపడదు, నీటి బుడగలు అక్కడే చిక్కుకుపోతాయి. ఎండటానికీ మునగటానికీ మధ్య ఉన్న సందు చాలా ఇరుకు, అందులో ఉన్నామో లేమో కంటితో చెప్పడం కష్టం. వి ఆకారపు గంటులో అయితే మూలలో నీరు నిలుస్తుంది, అదే సమయానికి పై గోడ ఎండిపోతుంది.

ఈ బాధ తప్పించడానికి వచ్చినవే సెల్ఫ్ ఎచ్ పద్ధతులు. యాసిడ్ గుణమున్న మోనోమర్ (గట్టిపడి రెసిన్‌గా మారే చిన్న అణువు) తానే కరిగిస్తూ తానే దిగుతుంది, కడగడం ఉండదు. ఎంత లోతు కరిగిందో దాదాపు అంత లోతూ రెసిన్ ఉంటుంది. వీటిలో నేను ఎక్కువ నమ్మేది 10-ఎండీపీ ఉన్నవాటిని. జపాన్‌కు చెందిన కురారే కంపెనీ తయారుచేసిన మోనోమర్ ఇది. దీనిలోని ఫాస్ఫేట్ భాగం పన్నులో మిగిలిన కాల్షియంతో రసాయనికంగా కలుస్తుంది. ఆ కాల్షియం లవణం నీటిలో అంత తేలిగ్గా కరగదు, దాదాపు 4 నానోమీటర్ల చొప్పున పొరలు పొరలుగా పేరుకుంటుంది. కొల్లాజెన్ చుట్టూ ఖనిజం కొంత మిగలడం ఇక్కడ లాభం. 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్‌తో మొత్తం కడిగేస్తే ఎండీపీకి పట్టుకోవడానికి కాల్షియం మిగలదు.

రెండు పళ్ళ మధ్య తేడా

ఇప్పుడు 24 చూద్దాం. ఏళ్ళ తరబడి అరుగుతున్న పన్ను తనను తాను కాపాడుకుంటుంది. నాళాల్లో ఖనిజం నిండి మూసుకుపోతాయి, ఉపరితలం మీద ఖనిజం ఇంకా ఎక్కువగా పేరుకుంటుంది. దీన్ని స్క్లెరోటిక్ డెంటిన్ అంటాం. నాళాలు మూసుకున్నాయి కాబట్టి గాలి కొట్టినా, చల్లనీళ్ళు పోసినా జివ్వుమనదు. అదే కారణంగా యాసిడ్ కూడా లోపలికి పోదు. హైబ్రిడ్ లేయర్ సన్నగా, అక్కడక్కడా మాత్రమే ఏర్పడుతుంది. ఖనిజం ఎక్కువుంటే ఎండీపీకి ఇంకా మంచిదే కదా అని అడగొచ్చు. చిక్కంతా పైన ఉన్న నున్నటి పొరతోనే. యాసిడ్ గుణం తక్కువున్న సెల్ఫ్ ఎచ్ ప్రైమర్ (బాండ్‌కు ముందు రాసే ద్రవం) దాన్ని దాటలేదు. బాధ లేదని ఆయన సంతోషించిన పన్నే నిజానికి అంటించడానికి మొండిది.

25లో నాళాలు తెరుచుకుని ఉన్నాయి. పాత కాంపోజిట్ తీస్తున్నప్పుడు సంగతి అర్థమైంది. నమిలే వైపు అంచు దగ్గర, ఎనామిల్ ఉన్నచోట, బర్‌తో కోస్తేగాని రాలేదు. చిగురువైపు మాత్రం స్కేలర్ (గార తీసే పరికరం) మొన తగలగానే పెళ్ళగా లేచొచ్చింది. అంటే ఫిల్లింగ్‌ను ఇన్నాళ్ళూ నిలబెట్టింది ఎనామిల్ ఒక్కటే. కాంపోజిట్ గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది. రెండు అంచుల్లో ఏది బలహీనమో అదే వదిలేస్తుంది. చిగురువైపు డెంటిన్ దగ్గర ఏర్పడిన ఆ సందులో ద్రవం కదులుతోంది. నాళాల్లో ద్రవం కదలికే పల్ప్ అంచున నరాలను రేపుతుందని బ్రాన్‌స్ట్రోమ్ చెప్పిన హైడ్రోడైనమిక్ సిద్ధాంతం ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. డెంటిన్ ఎక్కువ ఎండబెట్టారా, యాసిడ్ ఎక్కువసేపు ఉంచారా, లాలాజలం తగిలిందా అన్నది ఇప్పుడు చెప్పలేం, చెప్పి ప్రయోజనమూ లేదు.

ఏం చేశాను

మత్తు ఇచ్చి రబ్బర్ డ్యామ్ (పన్నును నోటి తేమ నుంచి వేరుచేసే రబ్బరు తెర) వేశాను, చిగురును వెనక్కి నొక్కి పట్టడానికి 212 క్లాంప్ అనే లోహపు క్లిప్పు. మెడ దగ్గరి ఫిల్లింగ్‌లకు డ్యామ్ వేయడం చిరాకైన పనే, పేషెంటుకూ ఇష్టముండదు. అయినా నోట్లో ఊపిరి తేమ, చిగురు సందులోంచి ఊరే ద్రవం, లాలాజలం, ఈ మూడింటి మధ్య పత్తి ఉండలు పెట్టి డెంటిన్‌కు అంటిస్తున్నామంటే అదృష్టాన్ని నమ్ముకున్నట్టే. డ్యామ్ వేయడం అసలు కుదరని చోట చిగురు సందులో కార్డ్ (దారం) పెట్టి, గ్లాస్ అయనోమర్ అనే వేరే రకం సిమెంటుకు మారిపోతాను.

రంగు ఎంపిక డ్యామ్‌కు ముందే అయిపోవాలి, పన్ను ఎండితే తెల్లబడి మోసం చేస్తుంది. రెండు పళ్ళనూ ప్యూమిస్ (మెత్తటి రాతిపొడి), నీళ్ళతో తోమాను. ఫ్లోరైడ్, నూనె ఉన్న పేస్టులు ఈ దశలో వద్దు.

మన ఊరి వేసవి గురించి ఒక మాట. తేమ ఎక్కువున్న రోజుల్లో కంప్రెసర్ ట్యాంకులో నీరు చేరుతుంది, త్రీవే సిరంజి గాలితోపాటు అదీ, ఒక్కోసారి ఆయిలూ వస్తాయి. ఎంత ఖరీదైన బాండ్ రాసినా దాని మీద ఆయిల్ తుంపర కొడితే ఇక చెప్పేదేముంది? ట్యాంకు రోజూ ఖాళీ చేయించి, పని మొదలుపెట్టే ముందు అద్దం మీదికి గాలి వదిలి మరకలు పడుతున్నాయేమో చూస్తాను. నలభై డిగ్రీల ఎండలో బాండ్ సీసా మూత తీసి ట్రేలో పెడితే సాల్వెంట్ (బాండ్‌ను కరిగించి పలచగా ఉంచే ద్రవం) ఆవిరైపోతుంది, అసిటోన్ ఉన్నవైతే ఇంకా త్వరగా. చుక్క వేయాల్సింది రాసే క్షణానికి ముందే. అసిస్టెంట్ ముందుగానే చుక్క వేసి సిద్ధంగా ఉంచడం సాయం అనుకుంటారు. అది మానిపించడానికి మా దగ్గర చాలా రోజులు పట్టింది.

24లో మొదటి పని ఆ మెరుపును తీసేయడం. సన్నటి డైమండ్ బర్‌తో నున్నటి పైపొరను గరుకు చేశాను, కొంచెమే. ఎనామిల్ అంచును చిన్నగా బెవెల్ చేశాను, అంటే ఏటవాలుగా కోశాను. తర్వాత రెండు పళ్ళకూ ఎనామిల్ మీద మాత్రమే 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్, డెంటిన్ మీదికి జారకుండా. కడిగి ఆరబెడితే ఎనామిల్ సుద్దలా తెల్లబడాలి. డెంటిన్ విషయంలో ఇక భయం లేదు, దాని మీద యాసిడ్ పడలేదు కాబట్టి కొల్లాజెన్ వల ఇంకా బయటపడలేదు.

తర్వాత ఎండీపీ ఉన్న రెండు సీసాల సెల్ఫ్ ఎచ్. ప్రైమర్‌ను 20 సెకన్లు బ్రష్‌తో రుద్దుతూ రాయాలి. రాసి వదిలేయడం వేరు, రుద్దడం వేరు. రుద్దినప్పుడు తాజా మోనోమర్ లోపలికి పోతుంది, కరిగిన ఖనిజం పక్కకు తప్పుకుంటుంది, సాల్వెంట్ కూడా త్వరగా ఎగురుతుంది. 24లో ఇంకాస్త ఎక్కువసేపు రుద్దాను. కడగకుండా గాలితో, ముందు మెల్లగా, తర్వాత గట్టిగా, ఉపరితలం మీద అల ఆగిపోయేదాకా ఆరబెట్టాను. ఇక్కడ తొందరపడితే ప్రైమర్‌లోని నీరు లోపలే ఉండిపోతుంది, హైబ్రిడ్ లేయర్ పుట్టుకతోనే జబ్బుపడుతుంది. ఆ పైన రెండో సీసా బాండ్, పలచగా, దాన్ని గట్టిపరచడానికి 10 సెకన్ల లైట్. లైట్ మొన పన్నుకు ఎంత దగ్గరుంటే అంత మంచిది. సన్నటి ఫ్లోయబుల్ (జారుగా ఉండే కాంపోజిట్) పొర ఒకటి, దానిపైన కాంపోజిట్ పొరలు, పాలిషింగ్.

24 మీద పక్కకు జరిపినప్పుడు పడే బరువును కొద్దిగా తగ్గించాను.

36ది మామూలు పనే. గోడల చుట్టూ గట్టి డెంటిన్ దాకా శుభ్రం చేసి, పల్ప్ మీద ఉన్న తోలులాంటి డెంటిన్‌ను కదపకుండా వదిలేశాను. పుచ్చు తాకిన డెంటిన్‌కు బాండ్ ఎటూ తక్కువే పడుతుంది, కాబట్టి సీలు బాధ్యత గోడలదే. అడుగున గ్లాస్ అయనోమర్ లైనర్, పైన రెండు మిల్లీమీటర్లకు మించని పొరల్లో కాంపోజిట్. పెట్టెలాంటి గుంటలో అయిదు గోడలు పట్టుకుని ఒక్క ముఖమే వదిలి ఉంటుంది, మొత్తం ఒకేసారి నింపితే కుంచించుకునే ఒత్తిడి అంతా బాండ్ మీదే పడుతుంది.

అడిగిన ప్రశ్నలు

"ఎన్నేళ్ళు గ్యారంటీ అండీ?" అన్నారు. గ్యారంటీ ఇవ్వలేనని చెప్పాను. హైబ్రిడ్ లేయర్ కాలంతోపాటు బలహీనపడుతుంది. నీరు చేరి రెసిన్‌ను విడగొడుతుంది. రెసిన్ కప్పని కొల్లాజెన్‌ను డెంటిన్‌లోనే ఉండే ఎంఎంపీ అనే ఎంజైములు తినేస్తాయి. వీటిని అడ్డుకోవడానికి బాండ్‌కు ముందు 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ రాయమంటారు. ప్రయోగశాలలో అది బాగానే పనిచేస్తుంది గానీ, నోట్లో ఫిల్లింగ్‌లు ఎక్కువ కాలం నిలవడంలో ఆ లాభం స్పష్టంగా కనబడలేదు. నేను వాడలేదు.

ఈ కేసు విన్న ఒక జూనియర్ డాక్టర్, "గ్లాస్ అయనోమర్ పెడితే సరిపోయేది కదా సార్?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. పన్ను మెడ దగ్గరి ఫిల్లింగ్‌లలో నిలకడకు గ్లాస్ అయనోమర్ రికార్డు చాలా మంచిది, దానిలోని పాలీయాక్రిలిక్ యాసిడ్ కాల్షియంతో నేరుగా కలుస్తుంది. తేమను కూడా కొంత తట్టుకుంటుంది. అయితే ఈయన నిమ్మరసం మానతారన్న నమ్మకం నాకు లేదు, పులుపుకు గ్లాస్ అయనోమర్ అరుగుతుంది. నవ్వితే కనబడే పళ్ళు కూడా. డ్యామ్ వేయడానికి వీలు లేకపోతే మాత్రం నా ఎంపిక అదే అయ్యేది.

ఒకే సీసా యూనివర్సల్ బాండ్ ఎందుకు వాడలేదని కూడా అడిగారు. వాటిలోనూ ఎండీపీ ఉంటుంది, నేనూ వాడతాను. కానీ ప్రైమర్, బాండ్ ఒకే సీసాలో ఉన్నప్పుడు నీటినీ నీటికి పడని రెసిన్‌నూ కలిపి ఉంచాలి. గట్టిపడ్డాక కూడా ఆ పొర నీటిని పీలుస్తుంది. దానిపైన విడిగా నీటికి పడని బాండ్ పొర ఒకటి ఉంటే అది తగ్గుతుంది. మొండి డెంటిన్ దగ్గర ఒక సీసా ఆదా కోసం ఆ పొరను వదులుకోను.

రీకాల్

వారం తర్వాత 25లో జివ్వుమనడం పోయింది. 36లో మొదటి రెండు రోజులు కాస్త నొప్పి అన్నారు, ఆ తర్వాత లేదు. ఆరు నెలలకు చూస్తే రెండు ఫిల్లింగ్‌లూ ఉన్నాయి, అంచులో ప్రోబ్ చిక్కుకోలేదు. ఏడాదికి 24లో చిగురువైపు చిన్న మరక కనిపించింది. పాలిష్ చేస్తే పోయింది, అంటే లోపలికి దిగలేదు. ఎనామిల్ లేనిది చిగురువైపు అంచే కాబట్టి ప్రతిసారీ ముందు అక్కడే చూస్తున్నాను.

మెత్తటి బ్రష్‌కు మారారు, పళ్ళపొడి మానేశారు. నిమ్మరసం మానలేదు, కాకపోతే ఇప్పుడు తోముకున్నాక తాగుతున్నారు, తాగాక నీళ్ళతో పుక్కిలిస్తున్నారు. పైదవడ కుడివైపు ప్రీమోలార్లు 14, 15కి కూడా గంట్లు మొదలయ్యాయి. లోతు మిల్లీమీటరులోపే, జివ్వుమనడం లేదు. వాటికి సిమెంటు పెట్టలేదు, ఫోటోలు తీసి ఉంచాను. తర్వాతి రీకాల్‌లో లోతు పెరిగిందని తేలితే అప్పుడు పెడతాను.